సీఆర్‌పీ ఎక్కువగా వచ్చింది: ఆహారం మార్చాలా, సప్లిమెంట్లు మొదలుపెట్టాలా?

వెలుగురేఖ:

సభ్యులందరికీ నమస్కారం. ఏటా చేయించుకునే ఆరోగ్య పరీక్షల్లో ఈసారి శరీరంలోని ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే వాపు, మంట రూపంలో కనిపించే రోగనిరోధక స్పందనను సూచించే హై సెన్సిటివిటీ సీఆర్‌పీ అనే రక్తపరీక్ష కూడా చేశారు. ఫలితం 4.6 అని వచ్చింది, పక్కన ‘ఎక్కువ’ అన్న గుర్తు ఉంది. రక్తంలో చక్కెర, కొలెస్ట్రాల్, థైరాయిడ్ అన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. జ్వరం లేదు, కీళ్ల నొప్పులు లేవు. నడుము చుట్టుకొలత మాత్రం కొంతకాలంగా పెరుగుతూ వస్తోంది. ఈ సంగతి విన్న దగ్గరివారు ఒకరు, శరీరంలో ఇన్‌ఫ్లమేషన్ తగ్గాలంటే పసుపులోని కర్క్యుమిన్, చేపనూనె, విటమిన్ డి, విటమిన్ ఇ నాలుగూ కలిపి వాడాలని గట్టిగా చెప్పారు. మాత్రలు మింగడానికి నాకు అభ్యంతరం లేదు గానీ, దేనికోసం మింగుతున్నానో తెలియకుండా మింగడం ఇష్టం లేదు. ఈ నాలుగింటిలో ఏది నిజంగా పనిచేస్తుంది, ఆహారంతోనే ఆ అంకె దిగివస్తుందా, అసలు ఆ అంకె నాకు ఏం చెబుతోంది అన్నది తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

సూక్ష్మదర్శిని:

వెలుగురేఖ గారూ, నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను కనుక మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. ముందుగా రిపోర్టులో అంకె పక్కనున్న కొలమానం చూడండి. కొన్ని ల్యాబులు సీఆర్‌పీని లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, మరికొన్ని డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. రెండింటికీ పది రెట్ల తేడా ఉంది. మీది లీటరు లెక్కయితే 4.6 కాస్త ఎక్కువ, అంతే. డెసిలీటరు లెక్కయితే అది లీటరుకు 46 అవుతుంది, అప్పుడు సప్లిమెంట్ల సంగతి పక్కన పెట్టి డాక్టరును కలవాలి.

ఈ ప్రొటీన్‌ను 1930లో టిలెట్, ఫ్రాన్సిస్ అనే శాస్త్రవేత్తలు న్యుమోనియా రోగుల రక్తంలో గుర్తించారు. శరీరంలో ఎక్కడైనా గాయమో, ఇన్‌ఫెక్షనో, కణజాలం దెబ్బతినడమో జరిగినప్పుడు రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేతాలు పంపుతాయి, వాటిని అందుకుని కాలేయం సీఆర్‌పీని తయారుచేస్తుంది. రక్తంలో దాని అర్ధాయువు సుమారు 19 గంటలు మాత్రమే కనుక, కారణం పోగానే అంకె కొద్ది రోజుల్లో పడిపోతుంది. అందుకే ఒక్క పరీక్షను పట్టుకుని ఏ నిర్ణయమూ చేయకూడదు. 2003లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ కలిసి గుండె జబ్బు ముప్పును అంచనా వేయడానికి లీటరుకు 1 కంటే తక్కువ, 1 నుంచి 3, 3 కంటే ఎక్కువ అని మూడు మెట్లు చెప్పాయి. రెండు వారాల ఎడంతో రెండుసార్లు కొలిచి సగటు చూడమని, 10 దాటితే ముందు ఇన్‌ఫెక్షన్ వంటి కారణాల కోసం వెతకమని కూడా అన్నాయి.

పరీక్షకు ముందు జలుబు చేసిందా, టీకా వేయించుకున్నారా, చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా, పొగ తాగుతారా, ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలేమైనా వాడుతున్నారా? వీటిలో ఏ ఒక్కటైనా ఆ అంకెను పెంచగలదు.

వెలుగురేఖ:

కొలమానం లీటరుకే ఉంది, ఊరట కలిగింది. పొగ అలవాటు లేదు. పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం రావడం చాలాకాలంగా ఉంది, కానీ దానికీ దీనికీ సంబంధం ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

సూక్ష్మదర్శిని:

ఉంటుంది. పంటి చుట్టూ ఉన్న కణజాలంలో ఏళ్ల తరబడి నడిచే ఇన్‌ఫెక్షన్ మొత్తం శరీరానికి సంకేతాలు పంపుతూనే ఉంటుంది. చిగుళ్ల వ్యాధికి సరైన చికిత్స చేస్తే కొన్ని నెలల్లో సీఆర్‌పీ కొంత తగ్గుతుందని అధ్యయనాల్లో కనిపించింది. ఏ మాత్ర కొనాలా అని ఆలోచించే ముందు పళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లడం మేలని నా అభిప్రాయం.

ఓర్పు:

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే రోగనిరోధక వ్యవస్థే కీళ్లను దెబ్బతీసే జబ్బు, చాలాకాలంగా ఉంది. చేపనూనె గురించి, అందులోని ఒమేగా-3 కొవ్వుల గురించి నాకు తెలిసినది చెబుతాను. ఈ జబ్బులో ఒమేగా-3 మీద జరిగిన అధ్యయనాల్లో ప్రయోజనం కనిపించింది: పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుపోయి ఉండే సమయం కొంత తగ్గడం, నొప్పి మాత్రల అవసరం కొంత తగ్గడం. కానీ ఆ అధ్యయనాల్లో వాడిన మోతాదు సాధారణంగా రోజుకు 3 గ్రాముల దాకా ఉంటుంది, ఫలితం కనిపించడానికి మూడు నెలలైనా పడుతుంది.

ఇక్కడ మోసపోయేది డబ్బా ముందువైపు రాతను చూసి. ముందు ‘1000 మి.గ్రా. చేపనూనె’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివితే మామూలు రకం గుళికలో ఈపీఏ, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వులు 180, 120, అంటే మనకు కావలసినది మొత్తం 300 మిల్లీగ్రాములే అని తెలుస్తుంది. మిగతాదంతా ఇతర కొవ్వులు. అధ్యయనంలోని మోతాదు అందాలంటే అలాంటివి రోజుకు పది మింగాలి. రోజూ ఒకటి వేసుకుని ‘చేపనూనె నాకు పనిచేయలేదు’ అనేవారూ, ‘పనిచేసింది’ అనేవారూ ఇద్దరూ ఈ లెక్క చూసుకోవాలి.

ఇంకొక మాట కూడా చెప్పితీరాలి. నా జబ్బును అదుపులో ఉంచుతున్నది మెథోట్రెక్సేట్. చేపనూనె దానికి తోడు మాత్రమే, దాని బదులు కాదు. ఇంటర్నెట్‌లో చదివి అసలు మందు మానేసినవారి వేళ్లు వంకరపోవడం కళ్లారా చూశాను. కీలులోని ఎముకను జబ్బు ఒకసారి తినేసిన తర్వాత ఏ ఆహారమూ దాన్ని తిరిగి కట్టదు.

గణాంకం:

ఓర్పు గారు చెప్పిన తేడాను, అంటే జబ్బు ఉన్నవారికి ఎక్కువ మోతాదు వేరు, ఆరోగ్యవంతులకు రోజుకో గుళిక వేరు అన్న తేడాను, పెద్ద పరీక్షలు బాగా చూపిస్తాయి. వైటల్ అనే అమెరికన్ పరీక్షలో 25,871 మందికి రోజుకు 2000 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) విటమిన్ డి, 1 గ్రాము చేపనూనె, లేదా వాటి ఉత్తుత్తి మాత్రలు సుమారు 5.3 ఏళ్లు ఇచ్చారు. ముందుగా నిర్ణయించుకున్న ప్రధాన లక్ష్యాలైన క్యాన్సర్లను గానీ, గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాల మొత్తాన్ని గానీ రెండూ తగ్గించలేదు. అయితే 2022లో ప్రచురించిన మరో విశ్లేషణలో, స్వీయరోగనిరోధక వ్యాధులు (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసేవి) విటమిన్ డి తీసుకున్నవారిలో 123 మందికి, తీసుకోనివారిలో 155 మందికి వచ్చాయి. నిష్పత్తిలో చెబితే 22 శాతం తగ్గుదల, వినడానికి పెద్దగా ఉంటుంది. మనుషుల్లో లెక్కవేస్తే దాదాపు 26 వేలమందిలో, అయిదేళ్లకు పైగా వాడిన తర్వాత, 32 మంది తేడా. నేను దీన్ని తీసిపారేయడం లేదు. ఇది నిజమైన, ఆసక్తికరమైన ఫలితమే. కానీ ఎవరికైనా రేపటికల్లా సీఆర్‌పీ దించే మందుగా దీన్ని అమ్మడం తప్పు.

ఎక్కువ మోతాదు ఒమేగా-3 కథ మరింత చిక్కుగా ఉంది. 2018లో వెలువడిన రెడ్యూస్-ఇట్ పరీక్షలో శుద్ధి చేసిన ఈపీఏను రోజుకు 4 గ్రాములు తీసుకున్నవారికి గుండె సంబంధిత ఘటనలు 25 శాతం తగ్గాయి. 2020లో వచ్చిన స్ట్రెంగ్త్ పరీక్షలో 13,078 మందిలో సగంమందికి ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి అదే 4 గ్రాములు ఇస్తే ఏ ప్రయోజనమూ కనిపించక ముందుగానే ఆపేశారు. మొదటిదానిలో ఉత్తుత్తి మాత్రగా మినరల్ ఆయిల్, రెండోదానిలో మొక్కజొన్న నూనె వాడారు. మినరల్ ఆయిల్ తీసుకున్నవారిలో సీఆర్‌పీ పెరిగింది కనుక తేడా అక్కడి నుంచే వచ్చిందా అన్న వాదన ఇంకా తెగలేదు. రెండు పరీక్షల్లోనూ ఒకేలా కనిపించినది ఒకటుంది: ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పడం, మందు తీసుకున్నవారిలోనే ఎక్కువైంది. డాక్టరుకు చెప్పకుండా రోజుకు 4 గ్రాములు మొదలుపెట్టకూడదని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

మూలికాప్రియ:

గణాంకం గారి ఓపికకు నమస్కారం, కానీ ఈ చర్చ ఏకపక్షంగా సాగుతోందని అనిపిస్తోంది. కర్క్యుమిన్ మీద వందలాది అధ్యయనాలు ఉన్నాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవారిపై జరిగిన కొన్ని చిన్న పరీక్షల్లో అది నొప్పి మాత్రలకు దీటుగా పనిచేసింది, కడుపులో మంట తక్కువ పెట్టింది. పెద్ద పరీక్షలు ఎవరు చేయిస్తారు? పేటెంటు లేని పదార్థం మీద అంత డబ్బు ఎవరూ పెట్టరు. పరీక్ష జరగకపోవడాన్ని పనిచేయకపోవడంగా చూడడం న్యాయం కాదు. దీర్ఘకాలం నొప్పి మాత్రలు మింగి కడుపులో పుండ్లు, మూత్రపిండాల సమస్యలు తెచ్చుకున్నవారికి మరో దారి చూపించడం తప్పెలా అవుతుంది?

గణాంకం:

మూలికాప్రియ గారూ, నొప్పి మాత్రల గురించి మీరన్నది పూర్తిగా నిజం. డబ్బు గురించి అన్నదీ నిజమే. నా అభ్యంతరం వేరు. మామూలు కర్క్యుమిన్ పేగు నుంచి రక్తంలోకి దాదాపు చేరదు. చేరిన కొద్దిపాటిని కూడా కాలేయం వెంటనే మార్చి బయటకు పంపేస్తుంది. 1998లో జరిగిన ఒక అధ్యయనంలో దానికి మిరియాలలోని పైపెరిన్‌ను చేర్చితే మనుషుల రక్తంలో దాని లభ్యత 2000 శాతం పెరిగింది. అప్పటి నుంచి చాలా గుళికల్లో పైపెరిన్ కలుపుతున్నారు. ఆ పెరుగుదల ఎలా వచ్చిందో గమనించండి: పరాయి పదార్థాలను మార్చి బయటకు పంపే కాలేయ, పేగు ఎంజైములను పైపెరిన్ అడ్డుకుంటుంది. అవే ఎంజైములు మనం వాడే ఇతర మందులను కూడా బయటకు పంపుతాయి కనుక వాటి స్థాయి కూడా మారవచ్చు.

ఇక భద్రత. అమెరికాలో మందుల వల్ల కలిగే కాలేయ హానిని నమోదుచేసే పరిశోధన బృందం పసుపు సప్లిమెంట్లతో ముడిపడిన పది కేసులను ప్రచురించింది. వారిలో ఏడుగురిలో హెచ్‌ఎల్‌ఏ-బీ*35:01 అనే జన్యురకం ఉంది, ఒకరు చనిపోయారు. కోట్లమంది వాడేదానిలో ఇది అరుదే. కానీ ఆ జన్యురకం తనకు ఉందో లేదో ఎవరికీ తెలియదు. వంటలో వాడే పసుపు గురించి కాదు ఈ మాట. గాఢత పెంచి, శోషణ పెంచి ఇచ్చే గుళిక గురించి.

మూలికాప్రియ:

కాలేయం సంగతి ఇంత స్పష్టంగా నాకు తెలియదు, చెప్పినందుకు ధన్యవాదాలు. అయినా మోకాలి నొప్పికి కొన్ని నెలల పాటు, డాక్టరుకు చెప్పి, కాలేయ పరీక్షలు చేయించుకుంటూ వాడడంలో తప్పు లేదనే అంటాను.

గణాంకం:

ఆ షరతులతో అయితే నేనూ కాదనను. మీ మాటలో ‘మోకాలి నొప్పికి’ అన్నది ముఖ్యం. అక్కడ ఒక జబ్బు ఉంది, తగ్గిందో లేదో రోగికే తెలుస్తుంది. వెలుగురేఖ గారికి ఏ నొప్పీ లేదు, ఉన్నది ఒక అంకె మాత్రమే.

విటమిన్ ఇ గురించి ఎవరూ రాయలేదు కనుక క్లుప్తంగా చెబుతాను. 35 వేలమందికి పైగా పురుషులతో జరిగిన సెలెక్ట్ పరీక్షలో రోజుకు 400 ఐయూ విటమిన్ ఇ తీసుకున్నవారికి ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చింది. అంతకు ముందు, 1994లో, ఫిన్లాండులో 29,133 మంది పొగతాగేవారిపై జరిగిన పరీక్షలో బీటా కెరోటిన్ గుళికలు ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను 18 శాతం పెంచాయి. కాయగూరలు ఎక్కువగా తినేవారి రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువ ఉంటుంది, వారికి క్యాన్సర్ తక్కువ. కనుక గుళికగా ఇస్తే మేలు జరుగుతుందని ఆశించి మొదలుపెట్టిన పరీక్ష అది. మీ నాలుగింటిలో ముందుగా కొట్టివేయవలసినది విటమిన్ ఇ.

పీచుమిఠాయి_కాదు_పీచే:

ఆహారం గురించి అడిగినదానికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. నేను పోషకాహార విభాగంలో పనిచేస్తాను.

ఆహారంతో ఇన్‌ఫ్లమేషన్ తగ్గుతుందా అన్న ప్రశ్నకు అత్యంత స్పష్టమైన జవాబులు కొన్ని నిర్దిష్టమైన జబ్బుల్లో దొరుకుతాయి. సీలియాక్ వ్యాధిలో గోధుమల వంటివాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ మానితే పేగు గోడ కోలుకుంటుంది. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చి రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బున్న పిల్లలు తేరుకున్నారని, రొట్టె మళ్లీ రాగానే పడిపోయారని విల్లెమ్ డికీ అనే పిల్లల వైద్యుడు గమనించడం దీనికి పెద్ద ఆధారమైంది. అలాగే పేగుల్లో ఇన్‌ఫ్లమేషన్ తెచ్చే క్రోన్స్ వ్యాధి ఉన్న పిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాలు మామూలు తిండి పూర్తిగా ఆపి ప్రత్యేకమైన ద్రవాహారం మాత్రమే ఇస్తే చాలామందిలో స్టెరాయిడ్లు లేకుండానే జబ్బు సద్దుమణుగుతుంది. ఇవి ఆహారం మందుగా పనిచేసే సందర్భాలు. కానీ వీటిని చూపించి, సీలియాక్ లేనివారందరూ గ్లూటెన్ మానాలని చెప్పడం సరైన తర్కం కాదు.

వెలుగురేఖ గారిలా ఏ జబ్బూ బయటపడనివారిలో, నేను మొదట చూసేది ఆమె ప్రస్తావించిన నడుము చుట్టుకొలతను. పొట్టలోని అవయవాల చుట్టూ చేరే కొవ్వు నిశ్చలంగా పడి ఉండే నిల్వ కాదు. ఊబకాయం ఉన్న ఎలుకల కొవ్వు నుంచి టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే ఇన్‌ఫ్లమేషన్ సంకేతం వెలువడుతోందని 1993లోనే చూపించారు. మనుషుల్లోనూ కొవ్వు కణాలు ఉబ్బినకొద్దీ వాటి మధ్యకు మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు చేరతాయి, ఇంటర్‌ల్యూకిన్-6 వెలువడుతుంది, కాలేయం సీఆర్‌పీని పెంచుతుంది. బరువు తగ్గితే ఆ అంకె కూడా తగ్గుతుందని పదేపదే రుజువైంది. ఏ పద్ధతిలో తగ్గారన్నదాని కంటే ఎంత తగ్గారన్నదే ఎక్కువ లెక్కకు వస్తుంది.

రెండోది పీచు. మనం జీర్ణం చేసుకోలేని పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి అసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి. పెద్దపేగు గోడ కణాలకు బ్యుటిరేటే ప్రధాన ఇంధనం. రోగనిరోధక స్పందనను అదుపుచేసే టీ-కణాలు పెరగడానికి కూడా అది తోడ్పడుతుంది. పప్పుధాన్యాలు, పొట్టు తీయని ధాన్యాలు, కాయగూరలు, పండ్లు, గింజలు, వీలైతే చేపలు, ఇవన్నీ కలిసిన తిండి తీరును పరీక్షించినప్పుడు వచ్చిన ఫలితాలు విడివిడి గుళికల ఫలితాల కంటే మెరుగ్గా ఉన్నాయి. స్పెయిన్‌లో 7,447 మందితో జరిగిన ప్రెడిమెడ్ పరీక్షలో ఆలివ్ నూనె లేదా గింజలు చేర్చిన మధ్యధరా ఆహారం తిన్నవారికి గుండె ఘటనలు సుమారు 30 శాతం తగ్గాయి. మనుషులను గుంపులుగా విడదీయడంలో లోపాలు జరిగాయని తేలి 2013 నాటి పత్రాన్ని వెనక్కి తీసుకుని, 2018లో మళ్లీ విశ్లేషించి ప్రచురించారు. ఫలితం దాదాపు అదే నిలిచింది. లోపం సంగతి దాచకుండా చెప్పుకుంటేనే దాని విలువ సరిగ్గా తెలుస్తుంది.

విత్తనాల నూనెల్లోని ఒమేగా-6 ఇన్‌ఫ్లమేషన్ పెంచుతుందన్న ప్రచారానికి భయపడకండి. ఆ నూనెల్లోని ప్రధాన ఒమేగా-6 అయిన లినోలియిక్ ఆమ్లం శరీరంలో, ఇన్‌ఫ్లమేషన్ సంకేతాలకు ముడిసరుకైన అరాకిడోనిక్ ఆమ్లంగా మారగలదన్నది నిజం, కానీ ఆ మార్పు గట్టి అదుపులో ఉంటుంది. ఆరోగ్యవంతులకు లినోలియిక్ ఆమ్లం పెంచి ఇచ్చిన పరీక్షల్లో సీఆర్‌పీ గానీ ఇతర సూచికలు గానీ పెరగలేదు. ట్రాన్స్ కొవ్వులు మాత్రం నిజంగానే పెంచుతాయి, వాటిని పూర్తిగా వదిలేయవలసిందే.

ఎర్రకణం:

ఈ చర్చకు దగ్గరగా ఉండే విషయం ఒకటి అడగాలని ఉంది. మా అమ్మగారికి దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు ఉంది, హిమోగ్లోబిన్ తక్కువ, సీరం ఐరన్ తక్కువ, కానీ ఇనుము నిల్వలను సూచించే ఫెరిటిన్ ఎక్కువ. ఐరన్ మాత్రలు నెలల తరబడి వాడినా లాభం లేకపోయింది. దీనికీ ఇన్‌ఫ్లమేషన్‌కూ సంబంధం ఉందా?

సూక్ష్మదర్శిని:

ఉంది, గట్టిగా ఉంది. ఇంటర్‌ల్యూకిన్-6 పెరిగినప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును ఎక్కువగా తయారుచేస్తుంది. మూత్రపిండాల జబ్బులో అది సరిగా బయటకు పోక మరింత పేరుకుంటుంది. హెప్సిడిన్ పేగు నుంచి ఇనుము రక్తంలోకి రాకుండా తలుపు మూస్తుంది, నిల్వల్లో ఉన్న ఇనుమును కూడా అక్కడే బంధిస్తుంది. అందుకే రక్తంలో ఇనుము తక్కువ, ఫెరిటిన్ ఎక్కువ కనిపిస్తాయి, మింగిన మాత్ర చాలావరకు వృథా అవుతుంది. రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్ ఎంత నిండి ఉందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కూడా చూపించి, సిర ద్వారా ఐరన్ ఇవ్వాలా, ఎర్రరక్తకణాల తయారీని పెంచే ఎరిత్రోపొయిటిన్ కావాలా అని ఆమె మూత్రపిండాల డాక్టరును అడగండి.

ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు రక్తంలో తగ్గేది ఇనుము ఒక్కటే కాదు. జింక్ తగ్గుతుంది, పెద్ద శస్త్రచికిత్స తర్వాత విటమిన్ డి స్థాయి కూడా పడిపోతుంది. అంటే రిపోర్టులో విటమిన్ తక్కువగా కనిపించినంత మాత్రాన ఆ లోటే ఇన్‌ఫ్లమేషన్‌కు కారణమని చెప్పలేము. చాలాసార్లు వరుస తలకిందులుగా ఉంటుంది. సప్లిమెంట్ల ప్రకటనలు దాచిపెట్టే విషయం ఇదేనని నాకు అనిపిస్తుంది.

పరుగుబాట:

నేను దూర పరుగులు పరుగెత్తుతాను. వ్యాయామం తర్వాత కండరాల్లో వచ్చే ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించడానికి విటమిన్ సి, ఇ వేసుకోమని మా బృందంలో చాలామంది చెబుతారు. ఇది మంచిదేనా?

గణాంకం:

2009లో వచ్చిన ఒక జర్మన్ అధ్యయనం చూడండి. నాలుగు వారాలు వ్యాయామం చేసిన యువకుల్లో సగంమందికి రోజుకు 1000 మి.గ్రా. విటమిన్ సి, 400 ఐయూ విటమిన్ ఇ ఇచ్చారు. విటమిన్లు తీసుకోనివారిలో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది, తీసుకున్నవారిలో ఆ మెరుగుదల కనిపించలేదు. వ్యాయామం కలిగించే ఆ కొద్దిపాటి ఒత్తిడే శరీరానికి బలపడమని చెప్పే సంకేతం.

ఇన్‌ఫ్లమేషన్‌ను అణచడం అన్నివేళలా మేలు చేయదనడానికి మరో ఉదాహరణ కోవిడ్ కాలంలోనిది. 2020లో బ్రిటన్‌లోని రికవరీ పరీక్షలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, వెంటిలేటర్ మీద ఉన్నవారి మరణాలను మూడోవంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం ఏ మేలూ చేయలేదు. అలాగే టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడకంలోకి వచ్చిన కొద్దికాలానికే, లోపల నిద్రపోతున్న క్షయ కొందరిలో మేల్కొంది. ఆ క్షయ క్రిములను అన్నాళ్లూ కట్టడి చేసి ఉంచినది ఆ టీఎన్‌ఎఫే మరి. అందుకే ఇప్పుడు ఆ మందు మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరిగా చేస్తారు.

ఓర్పు:

నాకూ ఆ పరీక్ష చేశాకే ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి బయోలాజిక్ మందు గురించి మాట్లాడారు. ఎందుకు చేస్తున్నారో ఆనాడు ఎవరూ ఇలా వివరించలేదు.

వెలుగురేఖ:

అందరికీ ధన్యవాదాలు. చిగుళ్ల చికిత్సకు సమయం తీసుకున్నాను, సప్లిమెంట్లు ప్రస్తుతానికి ఏవీ మొదలుపెట్టడం లేదు, తిండిలో పప్పుధాన్యాలు, కాయగూరలు పెంచి నడుము చుట్టుకొలత తగ్గించే ప్రయత్నం చేస్తాను. ఒక సందేహం మిగిలింది. జుట్టు కోసం బయోటిన్ మాత్ర వాడుతున్నాను. మళ్లీ రక్తపరీక్షకు వెళ్లేటప్పుడు దాన్ని ఆపాలా?

సూక్ష్మదర్శిని:

ఆపాలి, మంచి ప్రశ్న అడిగారు. కొన్ని ల్యాబు యంత్రాలు బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే పదార్థాల మధ్య ఉండే గట్టి బంధం ఆధారంగా పనిచేస్తాయి. రక్తంలో మాత్ర నుంచి వచ్చిన బయోటిన్ ఎక్కువగా ఉంటే అది ఆ బంధంలో అడ్డుపడి, పరీక్ష తీరును బట్టి ఫలితాన్ని తప్పుగా ఎక్కువో తక్కువో చూపిస్తుంది. థైరాయిడ్ పరీక్షల్లో ఇది బాగా తెలిసిన సమస్య. గుండెపోటును గుర్తించే ట్రొపోనిన్ పరీక్షలో కూడా ఇలా జరగవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. జుట్టు మాత్రల్లో సాధారణంగా 5 నుంచి 10 మిల్లీగ్రాములు ఉంటుంది, పెద్దవారికి రోజుకు కావలసినది 30 మైక్రోగ్రాములే. కనీసం రెండు రోజుల ముందు ఆపండి, అంతకంటే పెద్ద మోతాదు వాడుతుంటే ఇంకా ముందుగా ఆపాలి. రక్తం తీసేవారికి కూడా ఆ మాత్ర సంగతి చెప్పండి. హద్దుల్లో ఉందన్న మీ థైరాయిడ్ ఫలితం ఆ మాత్ర వాడుతుండగా వచ్చినదైతే, ఈసారి దాన్ని కూడా మళ్లీ చేయించుకోండి.